ఈసారి చేపలు కొనడం ఆఖరి పని

ప్రశ్న: మాది విజయవాడ. మా బాబు తొమ్మిదో పుట్టినరోజుకి రెండడుగుల అక్వేరియం కొన్నాం. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. నాలుగు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్, నాలుగు బ్లాక్ మోలీ, పాచి తింటుందని షాపతను ఇచ్చిన సకర్ ఫిష్ ఒకటి, మొత్తం 11. మే నెలలో కైకలూరు దగ్గర మా పుట్టింటికి నాలుగు రోజులు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందు రోజు ట్యాంకంతా ఖాళీ చేసి, రాళ్ళూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా కడిగి, కొత్త నీళ్ళు నింపి, క్లోరిన్ పోయే చుక్కలు వేసి చేపల్ని వదిలాం. మేత డబ్బా పక్కింటావిడకి ఇచ్చాం. తిరిగొచ్చేసరికి నీళ్ళు పాలలా ఉన్నాయి. రెండు గోల్డ్‌ఫిష్ చచ్చి తేలాయి, మిగతావి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒంటి మీద మచ్చలు గానీ బూజు గానీ లేవు. షాపులో నీలం మందు ఇస్తే వేశాం. మూడో రోజుకి అన్నీ పోయాయి. మూడు వారాలుగా ట్యాంకు బాల్కనీలో బోర్లించి ఉంది. మూగజీవాల ఉసురు మనకెందుకు అని అత్తయ్యగారు వద్దంటున్నారు. బాబు రోజూ అడుగుతున్నాడు. షాపతనేమో ఒక్క రోజు ఫిల్టర్ ఆడించి చేపల్ని వేసేయమంటున్నాడు. మా నాన్నగారు చేపల చెరువులు చేస్తారు. ఆయన కూతుర్ని అయ్యుండి 11 చేపల్ని బతికించలేకపోయానని సిగ్గుగా ఉంది. ట్యాంకు బ్లీచింగ్‌తో కడగాలా? చేపలు ఎప్పుడు తేవచ్చు? పాత మేత డబ్బా వాడొచ్చా?

సమాధానం: అమ్మా, షాపతని మాట మాత్రం వినకండి. నేను ఒకప్పుడు విన్నాను. నా మొదటి ట్యాంకులో చేపలన్నీ పోయినప్పుడు ఎంత బాధపడ్డానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. కానీ వారం తిరక్కుండా కొత్త చేపలు తెచ్చి, వాటినీ అదే రకంగా చంపుకున్నది మాత్రం మర్చిపోలేదు. మొదటిసారి తెలియక చేశాను, రెండోసారి తొందరపడి చేశాను. ఆ రెండోది మీకు జరక్కూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. ఇది తేల్చుకోకుండా మళ్ళీ మొదలుపెడితే కథ మళ్ళీ అక్కడికే వస్తుంది. రోగమైతే సాధారణంగా ఒక చేపతో మొదలై, నీరసంగా ఉన్నవాటిని పట్టుకుని, మెల్లగా మిగతావాటికి పాకుతుంది. ఒంటి మీద ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. తెల్లమచ్చ రోగమైతే ఉప్పు చల్లినట్టు చుక్కలు, ఫంగస్ అయితే దూది పింజల్లాంటి బూజు. మీ ట్యాంకులో మూడు నాలుగు జాతుల చేపలు, ఏ మచ్చా లేకుండా, వారంలోపు వరసగా పోయాయి. నీళ్ళు పాలలా తిరిగాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఇదంతా నీళ్ళు చెడిన లక్షణమే.

ఆ నీళ్ళు చెడింది మురికి వల్ల కాదు. మీరు మరీ శుభ్రంగా కడగడం వల్ల.

చేప మొప్పల ద్వారా, రెట్ట ద్వారా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. పారే నీళ్ళలో అయితే అది కొట్టుకుపోతుంది, 50 లీటర్ల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినడానికి రెండు రకాల బ్యాక్టీరియా ఉంటాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. రెండో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ బాగా పేరుకుపోతే తప్ప పెద్దగా హాని చేయదు. వారానికోసారి కొంచెం నీళ్ళు మారిస్తే సరిపోతుంది, మొక్కలుంటే అవీ కొంత పీల్చుకుంటాయి. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తిరుగుతూ ఉండదు. రాళ్ళకీ గాజుకీ, అన్నిటికంటే ఎక్కువగా ఫిల్టర్ స్పాంజికీ అంటుకుని ఉంటుంది. స్పాంజి మీద గోధుమ రంగు జిగురు చూసే ఉంటారు, మురికి అనుకుని తెల్లగా వచ్చేదాకా కడిగేసింది దాన్నే. కుళాయి నీళ్ళలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. తాగునీటి ప్రమాణం ప్రకారం ఇంటి కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. ఆ క్లోరిన్‌కి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అనే తేడా లేదు. ట్యాంకు నీళ్ళలో మీరు చుక్కలు వేశారు, మంచిదే. కానీ స్పాంజిని కడిగిన నీళ్ళలో వేయలేదు కదా. ఎనిమిది నెలలు పెరిగిన పంట పది నిమిషాల్లో కుళాయి కింద కొట్టుకుపోయింది.

పైగా ఆ నాలుగు రోజులూ పక్కింటావిడ పాపం చేపలు ఆకలితో ఉంటాయని దోసిలి నిండా వేసి ఉంటారు. మేత వేసే అలవాటు లేనివాళ్ళందరూ ఇంతే, ఆవిణ్ణి ఏమీ అనకండి. దానికితోడు మే నెల. నీరు వేడెక్కే కొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా నిలిస్తే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి మించదు. అమ్మోనియా విషం కూడా వేడితోనూ, నీటి పీహెచ్‌తోనూ (నీళ్ళు పులుపు వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె అది) పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఘాటైన విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. అదే పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలైతే ఏడు పాళ్ళ పైనే ఉంటుంది. అంటే చలికాలంలో తట్టుకునే తప్పు రోహిణీ కార్తెలో తట్టుకోలేకపోయాయి. నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, బూజు రోగాలకి పనికొస్తుంది. అమ్మోనియాకి కాదు. పైగా మిగిలి ఉన్న కాస్త బ్యాక్టీరియానీ అది దెబ్బతీస్తుంది.

సిగ్గుపడుతున్నానని రాశారు. మీ నాన్నగారిని ఒక్కమాట అడిగి చూడండి, చెరువులో నీళ్ళు పెట్టిన మర్నాడే ఎప్పుడైనా చేపపిల్ల వేశారా అని. చెరువు ఎండగడతారు, సున్నం చల్లుతారు, నీళ్ళు పెడతారు, ఎరువు వేస్తారు. నీటికి రంగు తిరిగి చెరువు తయారైందని నమ్మకం కుదిరాకే పిల్ల వదులుతారు. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆయన మందుల షాపుకి పరిగెత్తరు, ముందు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ వేస్తారు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గిస్తారు. మీరు పెరిగిన ఇంట్లో రోజూ జరిగిన విషయమే ఇది. గాజు పెట్టెలో ఉండేసరికి అది వేరే సంగతి అనిపించింది, అంతే. అక్వేరియం అంటే ముందు నీళ్ళు పెంచడం, ఆ తర్వాతే చేపల్ని పెంచడం.

ఇక పనిలోకి వద్దాం.

బ్లీచింగ్ అక్కర్లేదు. అంటురోగంతో పోయి ఉంటే వేరే మాట, మీకు ఆ గుర్తులు లేవు. మూడు వారాలు ఆరిన ట్యాంకు కాబట్టి తెల్లమచ్చ పురుగు లాంటివి ఉన్నా ఈపాటికి చచ్చిపోయి ఉంటాయి, చేప ఒళ్ళు దొరక్కుండా అవి అంతకాలం బతకవు. గాజుకి పట్టిన తెల్లటి చారలు నీళ్ళలోని సున్నం. నిమ్మచెక్క మీద కల్లుప్పు అద్ది రుద్దండి, పోతాయి. తర్వాత మంచినీళ్ళతో రెండుమూడుసార్లు తొలవండి. సర్ఫూ విమ్మూ సబ్బూ దగ్గరికి రానీయకండి, గిన్నెలు తోమే పీచు కూడా వద్దు. ఆ పీచులో మిగిలిన సబ్బు చాలు కొంప ముంచడానికి. ఎండలో బోర్లించిన ట్యాంకు కాబట్టి అంచుల్లో సిలికాన్ విడిపోయి ఉండొచ్చు. హాల్లోకి తెచ్చేముందు బాల్కనీలోనే, కింద చదునుగా థర్మోకోల్ వేసి, నిండా నీళ్ళు పోసి ఒక రోజు ఉంచండి. కింద కాగితం పరిస్తే చెమ్మ వెంటనే తెలుస్తుంది. హాల్లో 50 లీటర్లు ఒలికాక తెలుసుకోవడం కంటే ఇది నయం.

రాళ్ళ మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుసబుసా నురగ వస్తే అది సున్నపు రాయి, పీహెచ్ పెంచుతూ పోతుంది, తీసేయండి. రంగు రాళ్ళయితే బకెట్ నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి చూడండి. నీళ్ళకి రంగు దిగితే అవీ వద్దు. మామూలు ఏటి గరుకు ఇసుక, చిన్న గులకరాళ్ళు చాలు. ట్యాంకు పెట్టే చోటు కిటికీ ఎండ పడనిదై ఉండాలి. వంటింటికి ఆనుకుని కూడా వద్దు. బొద్దింకల స్ప్రే కొట్టినప్పుడు ఎయిర్ పంపు ఆ గాలినే పీల్చి నీళ్ళలోకి తోస్తుంది.

నీళ్ళు నింపండి, చుక్కలు వేయండి, ఫిల్టర్ ఆన్ చేయండి. ఇక అది రాత్రింబవళ్ళు ఆడుతూనే ఉండాలి. కరెంటు బిల్లని రాత్రి ఆపేసేవాళ్ళని చాలామందిని చూశాను. చిన్న ఫిల్టర్ పాతకాలం సున్నా బల్బు తిన్నంత కరెంటు కూడా తినదు. చేపలు లేకుండా అమ్మోనియా ఎక్కణ్ణుంచి వస్తుందంటే, మనమే వేయాలి. రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వాడే నవాసాగరం కూడా అమ్మోనియా లవణమే. లెక్క తెలిసినవాళ్ళు ప్రయోగశాలకు వాడే శుద్ధమైనది తెచ్చి వేస్తారు. బజారు సరుకులో ఏం కలిసి ఉంటుందో చెప్పలేం కాబట్టి మీరు మేతతోనే కానివ్వండి. కాస్త వాసన వస్తుంది, ఓర్చుకోవాలి.

ఇప్పుడు ఒక్కటి మాత్రం తప్పక కొనండి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్. గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేసి రంగు చూసేది అయితే మంచిది. అక్వేరియం షాపులో లేకపోతే మీ నాన్నగారికి చెప్పండి, కైకలూరు, భీమవరం వైపు చెరువుల సామాన్లు అమ్మే షాపుల్లో అడిగి తెస్తారు.  ఈ పని బాబుకి అప్పగించండి. రెండు రోజులకోసారి పరీక్ష చేసి ఒక నోట్‌బుక్కులో తేదీ, రంగు, అంకె రాయమనండి. మొదటి వారం పది రోజులూ అమ్మోనియా ఎక్కుతూ పోతుంది. లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు దాటితే మేత రెండు రోజులు ఆపండి. తర్వాత అది దిగడం మొదలై నైట్రైట్ ఎక్కుతుంది. నైట్రైట్ దిగడానికే ఎక్కువ రోజులు పడుతుంది, అందరికీ ఓపిక పోయేది అక్కడే. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు. మధ్యలో ఎప్పుడో నీళ్ళు మళ్ళీ పాలలా తిరగొచ్చు, టెన్షన్ పడకండి. అది బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగినందువల్ల వచ్చే మబ్బు, దానంతట అదే విడుతుంది. ఆ మబ్బు చూసి ట్యాంకు ఖాళీ చేశారా, మళ్ళీ మొదటికి వస్తారు.

ఈ ఆరు వారాల్ని రెండు వారాలకి తగ్గించే దారి ఒకటుంది. మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఏడాదిగా చేపలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు ఉంటే, వాళ్ళ పాత స్పాంజిలో ఒక ముక్క అడగండి. పెరుగు తోడుపెట్టినట్టే. తడి ఆరకుండా ఆ ట్యాంకు నీళ్ళలోనే వేసి తెచ్చి, అదే రోజు మీ ఫిల్టర్లో పెట్టండి. షాపులోని ట్యాంకు నుంచి మాత్రం తేకండి, వాళ్ళకి వారం వారం కొత్త చేపలు, కొత్త రోగాలు వస్తుంటాయి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా సంగతి అడుగుతారేమో. కొన్ని పనిచేస్తాయి. ఎండాకాలమంతా షాపు అరలో మగ్గిన సీసాలో ఏం బతికి ఉంటుందో దాని మీద రాసి ఉండదు. వేస్తే వేయండి, నమ్మాల్సింది మాత్రం కిట్ చూపించే అంకెనే.

చిటికెడు మేత వేస్తూ ఉన్నా నాలుగైదు రోజులు వరసగా అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించిన రోజున ట్యాంకు తయారైనట్టు. అప్పుడు సగం నీళ్ళు మార్చి చేపల కోసం వెళ్ళండి. ముందు మూడు నాలుగు చాలు. రెండు వారాలు ఆగి, కిట్ మళ్ళీ సున్నా చూపిస్తే ఇంకో రెండు మూడు. అంతకంటే తొందర వద్దు, ఎందుకంటే బ్యాక్టీరియా ఉన్న మేతకి తగినంతే పెరిగి ఉంటుంది. ఒక్కసారే పది చేపలు దింపితే దానికి అందదు. సంచిని ఒక పావుగంట ట్యాంకులో తేలనిచ్చి, ట్యాంకు నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలో కలిపి, ఆఖర్న చేపల్ని వలతో తీసి వదలండి. షాపు నీళ్ళు ట్యాంకులో పోయొద్దు. ఆ రోజు లైటు వేయకండి, మేత కూడా వేయకండి.

ఏ చేపలు? ఇక్కడ బాబుకి కాస్త నిరాశ తప్పదు. మీ పాత జాబితా ఆ ట్యాంకుకి సరిపోయేది కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకంటే నిండా పోస్తే 54 లీటర్లు, రాళ్ళు పోను 45 అనుకోండి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప, పెద్దగా తింటుంది, పెద్దగా రెట్ట వేస్తుంది, జానెడు పెరుగుతుంది. విజయవాడ వేసవికీ దానికీ పడదు. ఏంజెల్ నిలువుగా పెరుగుతుంది, దానికి లోతు కావాలి. సకర్ ఫిష్ గురించి మీ నాన్నగారే చెబుతారు. షాపులో వేలెడంత ఉన్నది అడుగు పైన పెరుగుతుంది. ఎవరో పెంచలేక కాలవలో వదిలేసినవే ఇవాళ కృష్ణా జిల్లా చెరువుల్లో గట్లు తవ్వి, వలలు చించి రైతుల్ని ఏడిపిస్తున్నాయి, జనం దెయ్యం చేప అంటున్నది దీన్నే. ఏ అక్వేరియం చేపనైనా సరే, పెంచలేకపోతే షాపుకి తిరిగివ్వండి, కాలవలో మాత్రం వదలకండి.

మీ వైపు నీళ్ళలో లవణాలు ఎక్కువైతే గప్పీలు, ప్లాటీలు హాయిగా ఉంటాయి. గప్పీలు కొంటే మగవే కొనండి. తోకల రంగులు వాటికే బాగుంటాయి. ఆడవి కూడా కలిస్తే నెలకోసారి పురుళ్ళు పోయలేక మీరు అలిసిపోతారు. గుంపుగా ఈదేవి కావాలంటే జీబ్రా చేపలు ఆరు. మన దేశపు వాగుల్లో పుట్టిన చేపే, నాజూకుతనం లేదు, రోజంతా పరిగెడుతుంది, పిల్లలకి నచ్చుతుంది. ఆరు జీబ్రాలు, నాలుగు మగ గప్పీలు, ఆ ట్యాంకుకి ఇంక చాలు.

మేత విషయంలో మీ ఊరి పద్ధతే గుర్తు తెచ్చుకోండి. తవుడు సంచులకి చిన్న చిల్లులు పెట్టి చెరువులో వేలాడదీస్తారు, చేప వచ్చి తనకు కావలసినంతే పొడుచుకు తింటుంది, మిగతాది నీళ్ళలో పాడవదు. మీరు సంచి కట్టక్కర్లేదు గానీ, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత మేత రోజుకోసారి వేయండి, వారంలో ఒక రోజు ఉపవాసం. ఊరెళ్తే? ఎదిగిన చేపలు నాలుగైదు రోజులు తిండి లేకపోయినా ఏమీ కావు. డబ్బా ఎవరికీ ఇవ్వకండి. అంతకంటే ఎక్కువ రోజులైతే రోజుకో చిన్న పొట్లం కట్టి ఇచ్చి, డబ్బా దాచిపెట్టండి.

వారానికోసారి పావు వంతు నీళ్ళు తీసి, చుక్కలు వేసిన కొత్త నీళ్ళు పోయండి. ఫిల్టర్ నెమ్మదిస్తేనే స్పాంజి తీయండి. అదీ కుళాయి కింద కాదు. ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్ళ బకెట్లోనే రెండుసార్లు పిండి, గోధుమ రంగు ఇంకా ఉండగానే తిరిగి పెట్టేయండి. ప్రయాణానికి ముందు రోజు మాత్రం ఏ పనీ పెట్టుకోవద్దు, నీళ్ళు మార్చేదేదో మూడు రోజుల ముందే కానివ్వండి. వచ్చే ఎండాకాలం ట్యాంకు మూత తీసి, టేబుల్ ఫ్యాన్ గాలి నీళ్ళ మీదికి తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఇగిరిన నీళ్ళు రోజూ పోస్తూ ఉండాలి. ఐసుముక్కలు వేయకండి. కరెంటు పోయినప్పుడు ఆడేలా చార్జింగ్ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. అదీ లేని రోజున మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ ఉన్నా చేపలకి గాలి అందుతుంది.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. అయినదానికి బాధపడే ఆవిడ అలా అంటున్నారు. నెలన్నర పాటు చేపలే లేని ట్యాంకుని మీరూ బాబూ ఓపిగ్గా పరీక్ష చేయడం చూస్తే, ఈసారి సంగతి వేరని ఆవిడకే అర్థమవుతుంది. రోజూ చిటికెడు మేత వేసే పని ఆవిడకే అప్పగించి చూడండి. నా అనుభవంలో వద్దు వద్దన్న పెద్దవాళ్ళే తర్వాత ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు.

ఇక పాత మేత డబ్బా. తెరిచి నెలలయిన మేతలో నూనె చెడి, విటమిన్లు పోయి ఉంటాయి, కొత్త చేపలకి అది పెట్టకండి. కానీ పారేయొద్దు. ఖాళీ ట్యాంకులో కుళ్ళబెట్టడానికి అదే సరిపోతుంది.